మా గుట్ట మీద గాలి కొలిచారు, ఇప్పుడు సంతకం పెట్టమంటున్నారు. ఏం చేద్దాం?

కోస్గి_చెలక
అందరికీ నమస్తే. మాది కోస్గి, మద్దూరు మధ్యలో ఓ ఊరు. ఊరికి పడమటి గుట్ట మీద గాలి కొలిచే స్తంభం పాతి ఏడాది దాటింది. సన్నటి ఇనుప స్తంభం, చుట్టూ తీగలు లాగి కట్టారు, పైన చిన్న గిన్నెలు గిర్రున తిరుగుతుంటాయి. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు, సెల్ టవర్ అనుకున్నారు. ఇప్పుడు మధ్యవర్తులు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. గుట్ట కింద మాకు చెలక ఉంది, కంది, పత్తి వేస్తాం. అందులో ఎకరం చిల్లర, గాలి కరెంటు పంక (విండ్‌మిల్) పెట్టడానికి, ముప్పై ఏళ్ల లీజుకు అడుగుతున్నారు. అగ్రిమెంట్ ఇంగ్లిష్‌లో ఉంది. జిరాక్స్ ఇవ్వమంటే "సంతకం అయ్యాక ఇస్తాం" అంటున్నారు.

ఊర్లో సగం మంది పెట్టేద్దాం అంటున్నారు. మిగతా సగం పంకలొస్తే వానలు పోతాయని భయపడుతున్నారు. నాన్న ఎటూ తేల్చడం లేదు. పంకలు ఉన్న ఊర్ల వాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కంపెనీ పేరు రాయను, అడగొద్దు.

పరిగి_పత్తి
తమ్మీ, మాది పరిగి వైపు. రాష్ట్రం మొత్తంలో గాలి కరెంటు 128 మెగావాట్లే, అందులో ఎక్కువ మా చుట్టుపక్కలే. పక్కనున్న ఆంధ్రలో 4 వేలు దాటింది, తమిళనాడులో 11 వేలు దాటింది. అంటే తెలంగాణలో దీని మంచిచెడ్డలు చూసిన ఊర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పంట సంగతి చెప్పాలంటే, పంక చుట్టూ పత్తి బాగానే పండుతుంది. గాలికి పూత రాలుతుందన్నది ఉత్త మాట. కట్టేటప్పుడు కొన్ని నెలలు హడావుడి ఉంటుంది, ట్రాక్టర్లకు, మొరం టిప్పర్లకు గిరాకీ. తర్వాత ఊరికి మిగిలేది వాచ్‌మన్ ఉద్యోగాలు. రిపేరుకు వచ్చే పిల్లలంతా బయటివాళ్లే.

మా పక్క చేను ఆయనకు కౌలు టైమ్‌కు పడుతుంది, ఆయన్ను అడిగితే బంగారం అంటాడు. మా గట్టు పక్క నుంచి రోడ్డు పోయింది. మాకు ఒక్కసారి ఇంత అని చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఎండాకాలం వాళ్ల బండ్లు తిరిగితే పత్తి మీద దుమ్ము ఇంత మందాన పేరుకుంటుంది. పంక ఉన్నోడికి కౌలు, పక్కోడికి దుమ్ము. నన్నడిగితే మా ఊరి కథ ఇంతే.

మబ్బు_చూపు
వాన సంగతి ఎవరూ మాట్లాడరేం? ఆ రెక్కలు మబ్బుల్ని చెదరగొడతాయని మా అమ్మమ్మ వాళ్ల ఊర్లో అందరూ అంటారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా.

రిటైర్డ్_లైన్‌మన్
ఈ మాట మహారాష్ట్రలో సాంగ్లి, సతారా వైపు ఇరవై ఏళ్ల కిందే పుట్టింది. అక్కడ పంకలు వచ్చిన రోజుల్లోనే కరువొచ్చింది, జనం రెంటికీ ముడిపెట్టారు. మనకు వాన తెచ్చే మబ్బు కిలోమీటరు, రెండు కిలోమీటర్ల పైన ఉంటుంది. పంక రెక్క ఎంత నిటారుగా లేచినా రెండు వందల మీటర్ల చిల్లర. అయినా పాలమూరులో కరువుకు పంకలు కావాలా? మన తాతలు తట్టా పారా పట్టుకొని బొంబాయి, పుణె బస్సెక్కినప్పుడు ఏ గుట్ట మీద పంక ఉంది?

ఇంకో మాట. మనవైపు ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు, ఇప్పుడెందుకు వస్తున్నారు అంటే, ఎత్తు. పంక కరెంటు గాలి వేగానికి ఘనంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గాలిలోని శక్తి ఎనిమిది రెట్లు. కింద గాలి నెమ్మది, పైకి పోయేకొద్దీ జోరు. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ లెక్క ప్రకారం 100 మీటర్ల ఎత్తులో తెలంగాణలో దొరికేది 4 వేల మెగావాట్ల పైచిలుకు. అదే 150 మీటర్లకు పోతే 54 వేలు దాటుతుంది. ఇప్పుడు అంత ఎత్తు స్తంభాలు వస్తున్నాయి కాబట్టి మన గుట్టలు వాళ్ల కంట పడ్డాయి. దానికి తోడు 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కొత్త గ్రీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది, 2030 కల్లా 20 వేల మెగావాట్లు అంటోంది. కోస్గి తమ్ముడి దగ్గరికి వచ్చిన మధ్యవర్తి మొదటివాడు, ఆఖరివాడు కాదు.

మబ్బు_చూపు
సరే అన్నా, లెక్క చెప్పారు. కానీ మా అమ్మమ్మ ఒప్పుకోదు.

గచ్చిబౌలి_పాలమూరు
నాకు ఒకటి అర్థం కాదు. బొగ్గు వద్దంటాం, అణు కరెంటు వద్దంటాం, ఇప్పుడు గాలి కూడా వద్దంటే ఏసీలు దేనితో నడుస్తాయి? 2025 మార్చిలో రాష్ట్రం డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. గాలికి పొగ లేదు, బూడిద లేదు, నీళ్లు అక్కర్లేదు. ఊరివాళ్లు మూఢనమ్మకాలతో అభివృద్ధిని అడ్డుకోవడం మానాలి.

దేవరకొండ_మాస్టారు
బాబూ, ఏసీలు మీ దగ్గర, గుట్టలు మా దగ్గర. కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం.

నేను గాలి కరెంటుకు అనుకూలమే, ముందే చెప్తున్నా. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ 4 వేల మెగావాట్లు. దాని బొగ్గు, దాని బూడిద, దానికి కృష్ణా నీళ్లు, అన్నీ మా జిల్లా నెత్తినే. దాంతో పోలిస్తే పంక ఎంతో నయం. కానీ జనాన్ని మూఢులు అనకండి. 2003లో లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వుతామని వచ్చినప్పుడు, సాగర్ నీళ్లు ఏమవుతాయని అడిగింది ఈ ఊరివాళ్లే. 2019లో నల్లమల యురేనియం మీద జనం లేస్తే శాసనసభే వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. మొన్న 2024 నవంబర్‌లో లగచర్లలో ఫార్మా భూసేకరణ గొడవ ఎక్కడిదాకా పోయిందో చూశాం. ఆ నోటిఫికేషన్‌ను తర్వాత వెనక్కి తీసుకున్నారు. లగచర్ల కోస్గికి ఎంత దూరం? పక్కనే. అందుకే ఫైలు పట్టుకొని ప్యాంటు షర్టు వేసుకున్నవాడు ఊర్లోకి వస్తే జనానికి టెన్షన్. వచ్చింది పంకకా ఫ్యాక్టరీకా అని ఆగి అడిగేంత ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు.

వానల భయం కూడా నాకు అలాగే కనిపిస్తుంది. కాగితం చూపించనివాడి మీద అనుమానం ఉంటుంది. దాన్ని ఎలా చెప్పాలో తెలియక వాన పేరు మీద చెప్తారు. కాగితం తెలుగులో చేతిలో పెడితే సగం వాన భయం ఆ రోజే పోతుంది.

గచ్చిబౌలి_పాలమూరు
మాస్టారూ, మూఢులు అని నేను అనలేదు, మూఢనమ్మకాలు అన్నాను. సరే వదిలేయండి.

కళ్యాణదుర్గం_ఆడబిడ్డ
నమస్కారం. పుట్టిల్లు అనంతపురం జిల్లా, అత్తగారిది నారాయణపేట. పంకల మధ్యే పెరిగాను కాబట్టి రాస్తున్నా. మా ఉమ్మడి జిల్లాలో రామగిరి గుట్టల మీద 1990ల్లోనే పంకలు తిరిగాయి. ఇప్పుడైతే అటు ఎక్కడ చూసినా అవే. కొత్తల్లో పెళ్లివాళ్లు కూడా ఆగి ఫోటోలు దిగేవారు. అలవాటయ్యాక ఎవరూ తలెత్తి చూడరు.

చప్పుడు గురించి ఎవరూ చెప్పలేదు. పగలు తెలియదు. రాత్రి ఊరు సద్దుమణిగాక, గాలి రోజుల్లో, సుయ్ సుయ్ మని ఆగకుండా వినిపిస్తుంది. మా ఇంటికి దూరం కాబట్టి నిద్ర పట్టేది. చేన్లో ఇల్లు కట్టుకున్న మా చిన్నాన్న వాళ్లకు ఇంకో బాధ ఉండేది. పొద్దున ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు రెక్కల నీడ వాకిట్లో పడి, వెలుగు నీడ, వెలుగు నీడ అని కొట్టుకునేది. పిన్ని ఆ గంటసేపు తూర్పు కిటికీకి గోనెపట్టా కట్టేది. ఏడాదిలో కొన్ని వారాలే, కానీ ఆ కొన్ని వారాలు తలనొప్పే.

కల్పవల్లి గురించి కూడా తెలుసుకోండి. చెన్నేకొత్తపల్లి వైపు, ముష్టికోవెల దగ్గర. రికార్డుల్లో బంజరు అని రాసి ఉన్న గుట్టల్ని చుట్టుపక్కల ఊర్లవాళ్లు, టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ కలిసి ఏళ్ల తరబడి కాపాడి అడవి చేసుకున్నారు. గడ్డి, ఈత, వాగు నీళ్లు అన్నీ తిరిగొచ్చాయి. తర్వాత అదే గుట్టల మీద పంకలు పెట్టారు. పంకల కంటే రోడ్లే ఎక్కువ కోత పెట్టాయి. కొండను అడ్డంగా తెగ్గొట్టారు, మట్టి జారింది. జనం హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. రికార్డులో బంజరు కాబట్టి అక్కడ ఎవరికీ నష్టం లేదన్నట్టే లెక్క వేశారు. మీ గుట్ట రికార్డులో ఏమని ఉందో ముందు చూడండి.

గొర్లమంద
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మాకు పట్టా లేదు, కాబట్టి మా దగ్గరికి ఏ మధ్యవర్తీ రాడు. మా మంద మేసేది సర్కారు గుట్టే. ఊర్లో లీజు గురించి ఎన్ని మీటింగులైనా పట్టాదారులే కూర్చుంటారు, గొల్లకుర్మలను పిలిచే మాటే లేదు.

మా మేనమామ ఊర్లో రోడ్డు ఎలా వేశారో చూశా. రెక్క ఒక్కటే అరవై మీటర్ల పైన ఉంటుంది, దాన్ని మోసే ట్రైలర్ మలుపు తిరగాలంటే రెండు లారీలు పక్కపక్కన పోయేంత బాట కావాలి. జేసీబీతో గుట్ట పక్కను గీసి, తీసిన మొరం అంతా వాలు కిందికే నెట్టారు. మొదటి పెద్ద వానకు ఆ మొరం కాలువ వెంబడి వచ్చి కుంటలో పడింది. గొర్లు నీళ్లు తాగే రేవు దగ్గర మోకాలి లోతు ఎర్రమట్టి. గొర్రె బురదలో దిగబడితే ఎట్లుంటుందో కాసినవాడికే తెలుసు, కాళ్లు పట్టి గుంజాలి, అది బెదిరి ఇంకా లోపలికి పోతుంది. రెండు ఈనే గొర్లు అట్లే పోయాయి. కంపెనీవాళ్లను అడిగితే కాంట్రాక్టర్ అన్నారు. కాంట్రాక్టర్‌ను అడిగితే సబ్ కాంట్రాక్టర్ అన్నాడు. వాడి ఫోన్ స్విచాఫ్.

పంక మీద నాకు కోపం లేదు. ఎండాకాలం దాని స్తంభం నీడలో మంద పడుకుంటుంది కూడా.

నాలా_వకీలు
మహబూబ్‌నగర్ కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. కోస్గి తమ్ముడికి నాలుగు మాటలు, వరుసేమీ లేదు.

కాపీ ఇవ్వని కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఏడాది మించిన లీజు రిజిస్ట్రేషన్ కావాల్సిందే, నోటరీ చేయిస్తాం అంటే ఒప్పుకోవద్దు. మీది పట్టానా, సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమా? అసైన్డ్ అయితే 1977 చట్టం కింద లీజుకివ్వడం కూడా బదలాయింపే, భూమికే ఎసరు. పట్టా అయినా ఆ ఎకరాన్ని నాలా కింద వ్యవసాయేతర భూమిగా మారుస్తారు. అప్పుడు దానికి రైతు భరోసా రాదు. ఎకరానికి ఏడాదికి 12 వేలు పోతాయి, కౌలు మాట్లాడేటప్పుడు అది కలుపుకోండి. మార్పిడి ఎంత భూమికో సర్వే హద్దులతో రాయించండి, ఆరెకరాలు ఉంటే ఆరూ మార్చేస్తే మొత్తం పోతుంది.

అగ్రిమెంట్లో నేను మొదట చూసేది, ఎవరు ఎప్పుడు తప్పుకోవచ్చు అన్నది. నా దగ్గరికి వచ్చిన వాటిలో కంపెనీ ఎప్పుడైనా తప్పుకోవచ్చని, రైతు మాత్రం ముప్పై ఏళ్లు కదలొద్దని ఉండేది. కంపెనీ చేతులు మారితే, లీజును బ్యాంకులో తాకట్టు పెడితే మీకు రాతపూర్వకంగా చెప్పాలి. కరెంటు కొనే డిస్కం నుంచి వాళ్లకు డబ్బు రాలేదని మీ కౌలు ఆపకూడదు. ఆంధ్రలో 2019లో ప్రభుత్వం గాలి కరెంటు కొనే పాత రేట్లు తగ్గించాలని చూస్తే కంపెనీలు కోర్టుకెక్కాయి, ఒప్పందం ప్రకారమే కట్టాలని 2022లో హైకోర్టు తేల్చేదాకా అది నడిచింది. అంత కొట్లాట పైన జరిగేటప్పుడు కింద రైతు కౌలు ఎవరికి గుర్తుంటుంది?

దూరాల సంగతి. కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏ నివాసానికైనా 500 మీటర్ల లోపు పంక పెట్టకూడదు. రోడ్డు, బడి, పెద్ద కరెంటు లైన్ లాంటి వాటికి స్తంభం ఎత్తు, రెక్కల చుట్టు వ్యాసంలో సగం, దాని మీద 5 మీటర్లు కలిపినంత దూరం ఉండాలి. 120 మీటర్ల స్తంభం, 130 మీటర్ల వ్యాసం అయితే 190 మీటర్లు. చేన్లో ఇల్లు కూడా ఇల్లే, అది మ్యాపులో ఉందో లేదో మీరే చూసుకోవాలి.

పరిగి_పత్తి
వకీలు సాబ్, మరి గ్రామసభ? ఫ్యాక్టరీలకు ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు కదా.

నాలా_వకీలు
అదే చిక్కు. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టమనే 2006 పర్యావరణ నోటిఫికేషన్ గాలి ప్రాజెక్టులకు వర్తించదు, కాలుష్య మండలి దగ్గర తెల్ల కేటగిరీ, అంటే కాలుష్యం దాదాపు లేనిది. పొగ రాదు కాబట్టి అది సబబే. కానీ దాంతో పాటు ఊరు నోరు విప్పే ఒక్క రోజు కూడా పోయింది. పట్టా భూముల్లో కంపెనీకి, రైతుకు మధ్య బేరమే. సర్కారు గుట్ట అయితే కలెక్టర్ ద్వారా పోతుంది, అక్కడ పంచాయతీ తీర్మానానికి విలువ తెచ్చుకోవాలి. పశువుల మేత, కుంట కాలువ, బాట, మూడూ తీర్మానంలో రాయండి.

అచ్చంపేట_అడవి
మా వైపు మాత్రం ఎవరూ రావొద్దు అని కోరుకుంటా. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ చుట్టూ గుట్టలున్నాయి కదా, గాలి కూడా బాగుంటుంది అని ఎవరికైనా ఆలోచన వస్తుందేమో. రోడ్డు పడితే అడవి పోయినట్టే. చెలకల్లో పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. గద్దలు, గబ్బిలాలు రెక్కలకు తగిలి చస్తాయి, అది వేరే సంగతి.

గచ్చిబౌలి_పాలమూరు
గొర్లమంద అన్న రాసింది చదివాక ఒకటి తోచింది. డెన్మార్క్‌లో 2009 నుంచి కొన్నేళ్లు ఒక చట్టం ఉండేది. కొత్త పంక పెట్టే కంపెనీ కనీసం 20 శాతం వాటా చుట్టుపక్కల వాళ్లకు అమ్మజూపాలి. మనదీ కాస్త అందులో ఉంటే వ్యతిరేకత తగ్గుతుందని. అలాంటిది ఇక్కడ ఎందుకు పెట్టకూడదు?

గొర్లమంద
వాటా కొనడానికి పైసలు? గొర్లమ్మి పంక కొనాలా తమ్మీ?

రిటైర్డ్_లైన్‌మన్
😀 కొనక్కర్లేదు, యూనిట్ మీద అడగండి. లెక్క చూపిస్తా. రెండు మెగావాట్ల పంక ఏడాదంతా ఫుల్లుగా తిరగదు. పాతిక శాతం తిరిగిందనుకుందాం. 2,000 కిలోవాట్లు, ఏడాదికి 8,760 గంటలు, అందులో నాలుగో వంతు. 44 లక్షల యూనిట్లకు కాస్త తక్కువ. యూనిట్‌కు 5 పైసలు ఊరికి అంటే పంకకు ఏడాదికి 2 లక్షల 20 వేల దాకా. పది పంకలుంటే 22 లక్షలు. అది పంచాయతీ ఖాతాలో పడాలి, అందులోంచి కుంట పూడిక, గుట్ట బాట, బడి. మీటర్ కంపెనీదే, డిస్కం దగ్గర రీడింగ్ ఉంటుంది, దాచడానికి లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, గాలిని దేవుణ్ణి చేయొద్దు. మనకు గాలి జోరు జూన్ నుంచి సెప్టెంబర్. ఆగస్టులో వాన మొహం చాటేసి బోర్లన్నీ ఒక్కసారి ఎత్తుకున్నప్పుడు అది ఆదుకుంటుంది. యాసంగి వరి పొట్టమీదుండే మార్చిలో పంకలు బద్ధకంగా ఉంటాయి. అప్పటికి సౌరం, బొగ్గు, సాగర్, జూరాల చూసుకోవాల్సిందే.

గచ్చిబౌలి_పాలమూరు
5 పైసలు ఎవరి జేబులోంచి? కంపెనీ రేటు పెంచుతుంది, చివరికి బిల్లు కట్టేది మేమే.

దేవరకొండ_మాస్టారు
కట్టండి బాబూ. ఐదు పైసలే కదా.

మబ్బు_చూపు
సౌరం ఉండగా ఇదంతా ఎందుకు? వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో ఇళ్ల మీదే పలకలు పెట్టారు. గుట్ట కోసే పని లేదు, మధ్యవర్తి లేడు.

రిటైర్డ్_లైన్‌మన్
రాత్రి?

కళ్యాణదుర్గం_ఆడబిడ్డ
రెండూ పెట్టుకోవచ్చు. సౌర పలకలు నేల మీద పెడితే మెగావాటుకు నాలుగెకరాల దాకా పూర్తిగా పోతుంది, కింద పంట ఉండదు. పంక అయితే పక్కన కంది వేసుకోవచ్చు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ పంకను ఎవరు పీకుతారో కూడా అడగండి. స్తంభం ఇనుము, పాత సామానువాళ్లు ఎగబడి కొంటారు. రెక్కలు ఫైబర్, ఎవరూ ముట్టుకోరు. కింద కాంక్రీటు దిమ్మె అలాగే ఉంటే నాగలి దిగదు.

నాలా_వకీలు
మంచి పాయింట్. దిమ్మెను ఎంత లోతు దాకా తీయాలో రాయించి, దానికి బ్యాంకు గ్యారంటీ అడగండి. ఇవ్వం అంటారు. ఊరంతా కలిసి అడిగితే ఇస్తారు, ఒక్కొక్కరుగా పోతే ఎవరికీ ఇవ్వరు. మధ్యవర్తి ఇల్లిల్లూ తిరిగేది అందుకే.

కోస్గి_చెలక
అందరికీ థాంక్స్. మాది పట్టానే, చూసుకున్నా. గుట్ట మాత్రం రికార్డులో పోరంబోకు. కాపీ ఇచ్చేదాకా ఎవరూ సంతకం పెట్టొద్దని మా వాడకట్టులో అనుకున్నాం, కుర్మవాళ్లను కూడా కూర్చోబెట్టాం. ఇద్దరు మాత్రం అడ్వాన్స్ తీసేసుకున్నారు, వాళ్లతో కొంచెం గొడవైంది.

నాన్నకు ఇంకో డౌట్. వాళ్ల రోడ్డు మా బోరు పైపులైన్ మీదుగా పోతుంది. క్రేన్ ఎక్కితే పైపు పగిలిపోదా?

రిటైర్డ్_లైన్‌మన్
పగులుతుంది, ఖాయంగా. రోడ్డు వేయకముందే అడ్డంగా పెద్ద సిమెంటు పైపు దింపించి మీ పైపు అందులోంచి తీయండి, మోటర్ వైరుకు ఇంకోటి వేరేగా. రోడ్డు పడ్డాక అడిగితే ఎవడూ తవ్వడు. మీ లైన్ 33 కేవీ తీగల కింద నుంచి పోతోందా, పక్క నుంచా? ఒక ఫోటో పెట్టు.